పాత స్నేర్ డ్రమ్ముల నాదగుణంపై గుల్ల పదార్థ ప్రభావం: ఒక వివరణ

వ్యాససంగ్రహం

20వ శతాబ్దంలో అమెరికాలో తయారైన స్నేర్ డ్రమ్ములను వాద్యకారులు, సేకర్తలు ప్రధానంగా వాటి గుల్ల పదార్థాన్ని బట్టి గుర్తిస్తారు. ఇత్తడి డ్రమ్ము ఒక రకంగా, అల్యూమినియం డ్రమ్ము మరో రకంగా, మేపుల్ కర్ర డ్రమ్ము ఇంకో రకంగా పలుకుతుందని వారి అనుభవం. ఈ అనుభవానికి భౌతికశాస్త్ర ఆధారం ఎంతవరకు ఉందో, పదార్థం పేరు చాటున మరే నిర్మాణ అంశాలు పనిచేస్తున్నాయో ఈ వ్యాసం వివరిస్తుంది. లడ్విగ్, స్లింగర్‌ల్యాండ్ సంస్థల డ్రమ్ములను ఉదాహరణలుగా తీసుకొని, పదార్థ ప్రభావం గుల్ల బరువు, దృఢత్వం, అంచు, తయారీ పద్ధతుల ద్వారా వినిపిస్తుందని నిరూపించడం దీని ఉద్దేశం.

కీలక పదాలు: స్నేర్ డ్రమ్ము, అవనద్ధ వాద్యం, గుల్ల, నాదగుణం, సాంద్రత, ఇత్తడి, అల్యూమినియం, మేపుల్, డప్పు.

1. ఉపోద్ఘాతం

భరతుని నాట్యశాస్త్రం వాద్యాలను తత, అవనద్ధ, ఘన, సుషిరాలని నాలుగు విధాలుగా విభజించింది. చర్మం కప్పి బిగించిన వాద్యాలు అవనద్ధాలు. ఈ విభాగంలోని మృదంగం పేరులోనే పదార్థం ఉంది. మృత్తు అంటే మట్టి, అంగం అంటే దేహం. నేడు మృదంగాన్ని ఎక్కువగా పనస కట్టెతో చేస్తున్నా, మట్టిదేహం అన్న పేరు మాత్రం నిలిచే ఉంది. వాద్యానికి దాని దేహపదార్థంతో పేరు పెట్టడం, ఆ పేరులోనే దాని నాదాన్ని ఊహించడం మానవ సంస్కృతిలో పాత అలవాటు అనడానికి ఇది మంచి నిదర్శనం.

పాశ్చాత్య సంగీతంలో అదే అలవాటు స్నేర్ డ్రమ్ము విషయంలో ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. పాత డ్రమ్ము కొనేవారు మొదట అడిగే ప్రశ్న దాని గుల్ల దేనితో చేశారన్నదే. ధర నిర్ణయంలోనూ, మరమ్మతు నిర్ణయంలోనూ ఆ సమాధానానికి పాత్ర ఉంటుంది. కాబట్టి గుల్ల పదార్థం ధ్వనిని నిజంగా ఎంత మారుస్తుందన్న ప్రశ్నకు శాస్త్రీయమైన ఆసక్తితో పాటు ఆచరణాత్మకమైన ప్రాధాన్యం కూడా ఉంది.

2. స్నేర్ డ్రమ్ము నిర్మాణం

తెలుగు నాట పెళ్ళి ఊరేగింపుల బ్యాండుమేళంలో మెడకు తగిలించుకొని రెండు సన్నని పుల్లలతో గరగరమనే మోత పుట్టించే డ్రమ్ము స్నేర్ కుటుంబానిదే. సినిమా వాద్యబృందాల్లోని డ్రమ్ సెట్‌లో వాద్యకారుని మోకాళ్ళ మధ్య ఉండేదీ ఇదే.

దీనికి ప్రధానంగా నాలుగు భాగాలుంటాయి. మొదటిది గుల్ల. ఇది రెండు వైపులా తెరిచి ఉన్న పొట్టి గొట్టం. వాద్యకారులు దీన్ని షెల్ అంటారు. డ్రమ్ సెట్‌లో వాడే డ్రమ్ముకు సాధారణంగా 14 అంగుళాల వ్యాసం, 5 నుంచి 6.5 అంగుళాల లోతు ఉంటాయి. రెండవది గుల్ల రెండు అంచుల మీదా బిగించిన పొరలు. పుల్లతో కొట్టేది పైపొర. అంతకంటే చాలా పలుచనిది అడుగుపొర. మూడవది అడుగుపొరకు ఆనుకొని సాగే స్నేర్ తీగల వరుస. డ్రమ్ముకు పేరు తెచ్చినవి ఈ తీగలే. పూర్వం జంతువుల పేగునరాలను, తరువాత చుట్టలు తిప్పిన లోహపు తీగలను వాడారు. నాలుగవది బిగింపు సామగ్రి: పొరను అదిమి పట్టే హూప్ వలయాలు, బిగింపు మరలు, ఆ మరలు పట్టుకొనేందుకు గుల్లకు అమర్చిన లగ్గులు.

3. ధ్వని పుట్టుకలో గుల్ల స్థానం

పుల్ల తగలగానే ముందుగా పైపొర కంపిస్తుంది. ఆ కంపనం గుల్ల లోపలి గాలిని నొక్కుతుంది. గాలి అడుగుపొరను కదిలిస్తుంది. అడుగుపొర తీగలను ఎగదోస్తుంది. అవి తిరిగి వచ్చి పొరను తాకినప్పుడు స్నేర్ డ్రమ్ముకు ప్రత్యేకమైన గరగర పుడుతుంది. ఈ క్రమంలో శబ్దాన్ని బయటి గాలికి అందించేవి ప్రధానంగా పొరలే. గుల్ల కంపిస్తుంది గాని, పొరల కదలికతో పోలిస్తే దాని కదలిక స్వల్పం.

ఆదర్శ వృత్తాకార పొర కంపన పౌనఃపున్యాలు 1 : 1.59 : 2.14 వంటి నిష్పత్తుల్లో ఉంటాయి. ఇవి పూర్ణాంకాలు కావు గనుకనే సాధారణ డ్రమ్ములో స్పష్టమైన స్వరస్థానం వినిపించదు. సి.వి. రామన్, శివకాళీ కుమార్ 1920లో నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశీలన మృదంగం వంటి భారతీయ వాద్యాలలో ఉపరి స్వరాలు పూర్ణాంక నిష్పత్తులకు చేరువవుతాయని చూపింది. అందుకు కారణం మూత మధ్యనున్న నల్లని పూత. అంటే అవనద్ధ వాద్యంలో ఏ స్వరాలు పుట్టాలో ప్రధానంగా నిర్ణయించేది పొర.

మరి గుల్ల చేసే పనేమిటి? థామస్ రాసింగ్, ఆయన సహచరులు 1992లో స్నేర్ డ్రమ్ము ధ్వనిశాస్త్రంపై ప్రచురించిన అధ్యయనం రెండు పొరలు, మధ్యనున్న గాలి, గుల్ల కలిసి ఒకే కంపన వ్యవస్థగా ప్రవర్తించే తీరును చర్చించింది. రెండు పొరలు ఒకే దిశలో కదిలినప్పుడు వాటికి ప్రతిగా గుల్ల వెనక్కు కదలాలి. గుల్ల తేలికైతే ఎక్కువగా, బరువైతే తక్కువగా కదులుతుంది. గుల్ల కదిలితే శక్తిలో కొంత దానిలోకీ, దాన్ని మోసే స్టాండులోకీ పోతుంది. ఈ విధంగా పుట్టిన స్వరాలు ఎంతసేపు నిలవాలి, వాటిలో ఏవి ముందుగా ఆరిపోవాలి అన్న విషయాలను గుల్ల ప్రభావితం చేస్తుంది. నాదగుణం అన్నమాట ఈ వ్యాసంలో ఈ మొత్తం స్వభావాన్ని సూచిస్తుంది.

4. పదార్థ ధర్మాలు: బరువు, దృఢత్వం, అంతర్గత ఘర్షణ

పదార్థం తన ప్రభావాన్ని ప్రధానంగా మూడు ధర్మాల ద్వారా చూపుతుంది. మొదటిది సాంద్రత. ఘన సెంటీమీటరుకు ఇత్తడి సుమారు 8.5 గ్రాములు, ఉక్కు 7.8 గ్రాములు, అల్యూమినియం 2.7 గ్రాములు, గట్టి మేపుల్ కర్ర 0.7 గ్రాములు తూగుతాయి. 14 అంగుళాల వ్యాసం, 5 అంగుళాల లోతు, 1 మిల్లీమీటరు మందం గల గొట్టాన్ని ఊహించి లెక్కిస్తే, ఇత్తడి గుల్ల సుమారు 1.2 కిలోలు, ఉక్కు గుల్ల 1.1 కిలోలు, అల్యూమినియం గుల్ల 0.4 కిలో ఉంటాయి. అదే కొలతల్లో 6 మిల్లీమీటర్ల మందపు మేపుల్ గుల్ల సుమారు 0.6 కిలో ఉంటుంది. అంటే ఘనపరిమాణానికి ఎంతో తేలికైన కర్ర, గుల్లగా మారేసరికి అల్యూమినియం కంటే బరువవుతుంది.

రెండవది దృఢత్వం. లోహం గట్టిదనీ కర్ర మెత్తనిదనీ, అందుకే కర్ర డ్రమ్ము మృదువుగా పలుకుతుందనీ ఒక సాధారణాభిప్రాయం ఉంది. పదార్థం వరకే చూస్తే ఇది నిజం. ఇత్తడి స్థితిస్థాపక గుణకం మేపుల్‌కు ఎనిమిది రెట్లకు పైగా ఉంటుంది. అయితే వంపును ఎదిరించే శక్తి మందానికి ఘనానుపాతంలో పెరుగుతుంది. 6 మిల్లీమీటర్ల కర్రకు ఈ లెక్కన 216 రెట్ల అనుకూలత లభిస్తుంది. గుల్ల చుట్టూ సాగే నారదిశలో చూస్తే, 6 మిల్లీమీటర్ల మేపుల్ గోడ 1 మిల్లీమీటరు ఇత్తడి గోడ కంటే ఇరవై రెట్లకు పైగా వంపును ఎదిరిస్తుంది. అందుకే లోహపు గుల్లల అంచులను లోపలికి మడిచి, నడుమ ఉబ్బెత్తు పట్టీని తీర్చి వాటికి అదనపు బలం చేకూరుస్తారు. కాబట్టి కర్ర మృదుత్వం నుంచే మృదునాదం వస్తుందన్న వివరణ నిలవదు.

మూడవది అంతర్గత ఘర్షణ. కంపించే పదార్థం కొంత శక్తిని తనలోనే వేడిగా మార్చుకుంటుంది. ఈ నష్టం లోహాలలో కంటే కర్రలో కనీసం పది రెట్లు ఎక్కువ. పొరలు తీసివేసి, సామగ్రి విప్పిన ఇత్తడి గుల్లను తడితే ఖంగుమని చాలాసేపు మోగుతుంది. కర్ర గుల్ల టక్కుమని ఆగిపోతుంది. లగ్గులు, హూపులు, పొరలు బిగించాక ఈ తేడా చాలావరకు తగ్గినా పూర్తిగా పోదు. లోహపు డ్రమ్ములో పై స్వరాలు ఎక్కువసేపు నిలవడానికి ఇది ఒక కారణం.

5. కర్ర గుల్లలు

స్లింగర్‌ల్యాండ్ సంస్థ 1930లలో తెచ్చిన రేడియో కింగ్ డ్రమ్ము కర్ర గుల్లలకు ప్రసిద్ధమైన ఉదాహరణ. బెన్నీ గుడ్‌మన్ బృందంలో వాయించిన జీన్ క్రూపా ద్వారా దీనికి విశేష ప్రచారం లభించింది. దీని ప్రసిద్ధ నమూనాలలో గుల్లను ఒకే మేపుల్ పలకతో చేశారు. పలకను ఆవిరిలో ఉడికించి వంచి, రెండు కొసలను ఏటవాలుగా చెక్కి అతికించేవారు. వంచిన కర్రకు మళ్ళీ విచ్చుకొనే స్వభావం ఉంటుంది గనుక గుండ్రదనం చెడకుండా లోపలి వైపు పైనా కిందా ఊతవలయాలు అమర్చేవారు. ఈ వలయాల వల్ల అంచు దగ్గర గోడ మందం పెరిగింది. పొర ఆనే అంచు వెడల్పయింది. వెడల్పైన, గుండ్రని అంచు పొరను ఎక్కువ మేర తాకి పై స్వరాలను త్వరగా అణచివేస్తుంది. రేడియో కింగ్ నాదంలో మేపుల్ కర్రకు దక్కిన పేరులో ఈ అంచుకూ వాటా ఉంది. పైగా ఈ డ్రమ్ములలో చాలావాటికి బరువైన ఇత్తడి హూపులుండేవి. కర్ర డ్రమ్ముగా పేరొందిన వాద్యంలో పైపొరను అదిమి పట్టినది లోహమే.

పదార్థం ఎంపిక ఎప్పుడూ నాదదృష్టితోనే జరగలేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో అమెరికా యుద్ధ ఉత్పత్తి మండలి వాద్యాల బరువులో లోహం పది శాతం మించరాదని నిబంధన విధించింది. అప్పుడు స్లింగర్‌ల్యాండ్ తయారుచేసిన రోలింగ్ బాంబర్ డ్రమ్ములలో లగ్గులు కూడా కర్రవే. ఆ డ్రమ్ముల నాదానికి ముందు యుద్ధాన్ని, ఆ తరువాతే చెట్టును కారణంగా చెప్పాలి.

1960లలో లడ్విగ్ కర్ర డ్రమ్ములు మరో పద్ధతికి ఉదాహరణ. వీటిలో మహాగని, పాప్లర్ వంటి కర్రల పలుచని పొరలను మూడింటిని అతికించి గొట్టంగా మలిచి, మేపుల్ ఊతవలయాలు బిగించారు. 1963 నుంచి బీటిల్స్ వాద్యకారుడు రింగో స్టార్ వాయించిన జాజ్ ఫెస్టివల్ డ్రమ్ము ఈ కోవకు చెందినదే. దీని వ్యాసం 14 అంగుళాలు, లోతు 5.5 అంగుళాలు. కర్ర అన్న ఒకే మాట కిందికి వచ్చే రేడియో కింగ్, జాజ్ ఫెస్టివల్ డ్రమ్ములు కర్రజాతిలోనూ, గోడ నిర్మాణంలోనూ, నారదిశలోనూ వేర్వేరు.

6. లోహపు గుల్లలు: ఒక సహజ పరీక్ష

1920లలో లడ్విగ్ సంస్థ నల్లని నికెల్ పూత పూసి, నగిషీ చెక్కిన ఇత్తడి డ్రమ్ములను తయారుచేసింది. బ్లాక్ బ్యూటీ పేరుతో ఇవి సేకర్తల మన్నన పొందాయి. ఇత్తడి గుల్ల కీర్తికి పునాది వేసినవి ఈ తరం డ్రమ్ములే.

పదార్థ ప్రభావాన్ని మిగిలిన అంశాల నుంచి వేరుచేసి చూడటానికి అనువైన ఉదాహరణ మాత్రం 1960ల నాటిది. ఆ దశాబ్ది ఆరంభంలో లడ్విగ్ సంస్థ క్రోమియం పూత పూసిన ఇత్తడి గుల్లతో సూపర్ లడ్విగ్ డ్రమ్మును తయారుచేసేది. సుమారు 1963 నుంచి సుప్రాఫోనిక్ పేరుతో అదే ఆకృతిని అల్యూమినియం మిశ్రలోహంతో చేయసాగింది. రెండింటికీ 14 అంగుళాల వ్యాసం, 5 అంగుళాల లోతు, నడుమ ఉబ్బెత్తు పట్టీ, పది లగ్గులు ఉన్నాయి. రెండింటి మీదా క్రోమియం పూతే గనుక దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. చేతిలోకి తీసుకుంటే బరువు చెబుతుంది. వయసు మీరితే ఉపరితలం కూడా చెబుతుంది. అల్యూమినియంపై క్రోమియం గట్టిగా పట్టదు గనుక పాత సుప్రాఫోనిక్‌ల మీద పూత పొక్కులు పొక్కి గుంటలు పడటం సర్వసాధారణం.

వాద్యకారులు ఈ జంటలో ఇత్తడిది నిండుగా, ఎక్కువసేపు మోగుతుందనీ, అల్యూమినియంది తేటగా, చురుకుగా పలికి త్వరగా తెగుతుందనీ చెబుతారు. పై లెక్కలు ఈ వర్ణనకు అనుకూలంగా ఉన్నాయి. ఒకే మందమైతే ఇత్తడి గుల్ల అల్యూమినియం గుల్ల కంటే మూడు రెట్లు బరువు. కాబట్టి అది పొరల ఒత్తిడికి తక్కువగా కదిలి శక్తిని పొరలకే మిగులుస్తుంది. అదీగాక, ఒకే ఆకృతిలో గుల్ల సొంత కంపనాల పౌనఃపున్యం ఆ పదార్థంలో ధ్వనివేగంపై ఆధారపడుతుంది. పలుచని పట్టీలో ఈ వేగం ఇత్తడిలో సెకనుకు సుమారు 3,500 మీటర్లు, అల్యూమినియంలో సుమారు 5,000 మీటర్లు. అందువల్ల అల్యూమినియం గుల్ల సొంత స్వరాలు ఇత్తడి గుల్ల స్వరాల కంటే నలభై శాతానికి పైగా ఎత్తున ఉంటాయి. ఉక్కులో ధ్వనివేగం దాదాపు అల్యూమినియంలో ఉన్నంతే, బరువు దాదాపు ఇత్తడికున్నంత. ఉక్కు డ్రమ్ము పదునుగానూ, దీర్ఘంగానూ మోగుతుందన్న పేరుకు ఈ రెండు గుణాల కలయిక సరిపోతుంది.

తక్కువ ధరలో విద్యార్థుల కోసం లడ్విగ్ తెచ్చిన ఆక్రోలైట్ ఈ పోలికను ముందుకు తీసుకువెళ్తుంది. దాని గుల్ల కూడా అతుకు లేని అల్యూమినియమే. కాని దానిమీద క్రోమియం పూత లేదు. లగ్గులు పదికి బదులు ఎనిమిది. పదార్థం ఒకటే అయినా ఆక్రోలైట్ సుప్రాఫోనిక్ కంటే కొంత పొడిగా పలుకుతుందని వాద్యకారుల మాట. రెండు డ్రమ్ముల పేర్లకూ అల్యూమినియం అన్న విశేషణం చేర్చినంత మాత్రాన నాదం ఒకటి కాదని ఇది తెలుపుతుంది.

7. పదార్థంతో పాటు మారినవి

పాత డ్రమ్ములను పోల్చేటప్పుడు కాలం తెచ్చిన మార్పులను గణించక తప్పదు. వీటిలో ముఖ్యమైనది పొర. బ్లాక్ బ్యూటీ, రేడియో కింగ్ డ్రమ్ములు దూడచర్మపు పొరల కాలానికి చెందినవి. చర్మం గాలిలోని తేమకు సడలుతుంది, ఎండకు బిగుస్తుంది. 1950ల రెండవ భాగంలో పాలిస్టర్ ప్లాస్టిక్ పొరలు వచ్చాయి. సుప్రాఫోనిక్ ఈ పొరల కాలంలో పుట్టింది. నేడు 1920ల నాటి ఇత్తడి డ్రమ్ముకు ప్లాస్టిక్ పొర బిగించి వాయిస్తే వినిపించేది పాత గుల్ల, కొత్త పొరల సంయుక్త నాదం. 1920ల శ్రోత విన్నది అది కాదు.

రెండవది అంచు, స్నేర్ గాడి. అడుగు అంచులో తీగలు పొరకు హత్తుకొని ఉండేందుకు కొంచెం పల్లంగా గాడి తీస్తారు. పాత కర్ర డ్రమ్ము అంచును కొత్త పద్ధతిలో పదునుగా తిరిగి చెక్కిస్తే పై స్వరాలు విచ్చుకుంటాయి, మోత పెరుగుతుంది. అప్పుడు కర్ర అదే, నాదం వేరు. ఒకసారి చెక్కిన అంచును తిరిగి తేలేం గనుక మరమ్మతుదారుల్లో ఎందరో ఈ పనికి సందేహిస్తారు. పదార్థమే సర్వస్వమని నమ్మేవారు చేసే పెద్ద నష్టం ఇక్కడే జరుగుతుంది. కర్రను పదిలపరిచామనుకొని నాదాన్ని చెరిపివేస్తారు.

8. నాదవర్ణన పదాలు

ఆంగ్ల వాద్యకారులు కర్ర నాదాన్ని వెచ్చనిదని, లోహనాదాన్ని వెలుగుగలదని, త్వరగా ఆగే నాదాన్ని పొడిదని అంటారు. ఇవి స్పర్శ, దృష్టి అనుభవాల నుంచి తెచ్చుకొన్న మాటలు. ఈ మాటలకు మరో చిక్కు కూడా ఉంది. కర్రను చూసినవారికి నాదం వినకముందే వెచ్చదనం స్ఫురిస్తుంది.

తెలుగులో నాదాన్ని నాదంతోనే చెప్పే ధ్వన్యనుకరణ పదాలు సమృద్ధిగా ఉన్నాయి. ఖంగు, ఠంగు, టక్కు, ఫెళ్ళు, గరగర, ధనధన వంటివి ఆరంభపు పదునును, నిలకడను, ముగింపును ఒక్క మాటలో పట్టుకొంటాయి. ఖంగులోని అనునాసికం మోత సాగడాన్ని, టక్కులోని ద్విత్వం మోత తెగడాన్ని సూచిస్తాయి. పదార్థాన్ని నాదంతో ముడిపెట్టే పలుకుబడులూ తెలుగులో ఉన్నాయి. కంచుకంఠం అన్న మాట అందుకు నిదర్శనం. వాద్య పరిశీలనలో ముందు మోత తీరును ధ్వన్యనుకరణతో నమోదుచేసి, తరువాత పదార్థాన్ని పేర్కొనడం వల్ల చూపు వినికిడిని శాసించే ప్రమాదం తగ్గుతుంది.

9. తెలుగు వాద్యాల అధ్యయనానికి సూచనలు

తెలుగు ప్రాంతపు డప్పు చరిత్రలోనూ ఇలాంటి మార్పే జరుగుతోంది. సంప్రదాయ డప్పుకు కర్ర చట్రం, దానిపై తోలు ఉంటాయి. వాయించేముందు మంట సెగ చూపి తోలును బిగుతు చేస్తారు. నేడు లోహపు చట్రం, ప్లాస్టిక్ పొర గల డప్పులు విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి. వీటి మోత వేరుగా ఉందన్నది విన్నవారందరికీ తెలుసు. అయితే చట్రం, పొర ఒకేసారి మారినందున ఆ తేడాను చట్రానికే ఆపాదించడం సరికాదు. తోలు పోవడంతో సెగ చూపే పని కూడా పోయింది. దానితో పాటు బిగువును చెవితో నిర్ణయించే నేర్పుకు అవకాశం తగ్గింది.

స్నేర్ డ్రమ్ము చరిత్ర ఇక్కడ ఒక పద్ధతిని అందిస్తుంది. కర్ర చట్రానికీ లోహపు చట్రానికీ ఒకే రకం తోలు బిగించి, ఒకే స్థాయికి శ్రుతి చేసి, ఒకే వాద్యకారునిచేత వాయింపజేసి రికార్డు చేయాలి. తరువాత చట్రాన్ని మార్చకుండా పొరను మాత్రమే మార్చి మరలా రికార్డు చేయాలి. చట్రం బరువు, వెడల్పు, మందం, అంచు తీరు, తోలు రకం, బిగించిన విధం నమోదు చేయాలి. కర్ర డప్పులు చేసేవారు, వాయించేవారు అందుబాటులో ఉన్నప్పుడే ఈ పని సాధ్యం.

10. ముగింపు

పై వివరణ నుంచి ఈ నిర్ధారణలు చేయవచ్చు.

1. స్నేర్ డ్రమ్ములో స్వరాలను ప్రధానంగా పుట్టించేవి పొరలు. వాటి నిలకడను, సమతౌల్యాన్ని గుల్ల ప్రభావితం చేస్తుంది.

2. పదార్థ ప్రభావం వాస్తవం. సూపర్ లడ్విగ్, సుప్రాఫోనిక్ డ్రమ్ముల పోలిక దీనికి చక్కని ఉదాహరణ. ఆ ప్రభావం ముఖ్యంగా గుల్ల బరువు, దృఢత్వం, అంతర్గత ఘర్షణల ద్వారా పనిచేస్తుంది.

3. కర్ర డ్రమ్ముల మృదునాదానికి కర్ర మెత్తదనం కారణం కాదు. అంతర్గత ఘర్షణ, ఊతవలయాలు, వెడల్పైన అంచు దానికి దోహదం చేస్తాయి.

4. ఇత్తడి, అల్యూమినియం, మేపుల్ అన్న పేర్లు ఒక్కొక్క తయారీ సంప్రదాయానికి సంక్షిప్త నామాలు. పాత వాద్యాన్ని పరిరక్షించడమంటే దాని పదార్థంతో పాటు అంచును, గాడిని, హూపులను, బిగింపును పరిరక్షించడం.

మృదంగం పేరులో మట్టి మిగిలి, దేహం కట్టెగా మారినట్లే, వాద్యం పేరు దాని చరిత్రలో ఒక భాగాన్నే చెబుతుంది. మిగిలిన భాగాన్ని తూచి, కొలిచి, విని తెలుసుకోవలసి ఉంటుంది.